పంక్చర్‌కి బత్తాయిలు

ధాన్యం మీద పడితే దెబ్బ తగలదని ఎవరైనా చెబితే నమ్మకండి. బాగానే తగులుతుంది. కాకపోతే నవ్వు కూడా వస్తుంది.

ఆ ఆదివారం కడియం దాకా వెళ్లి, ఇడ్లీలు తిని, కాలువగట్టు రోడ్డు మీద ధవళేశ్వరం వైపు తిరిగి వస్తున్నాం. కోతల రోజులు కదా, రోడ్డుకి ఒక పక్కంతా ధాన్యం ఆరబోశారు. ఎదురొచ్చే ట్రాక్టరుకి దారిద్దామని నేను పక్కకి జరిగాను. ముందు చక్రం గింజల మీదకెక్కింది. అంతే, సైకిల్ దారి సైకిల్‌ది, నా దారి నాది. చెవుల్లో ధాన్యం, చున్నీలో ధాన్యం, మోచెయ్యి భగ్గుమంటోంది, నవ్వు మాత్రం ఆగడం లేదు. యాభైకి దగ్గరపడ్డ లెక్కల టీచరు అలా వెల్లకిలా పడి నవ్వుతుంటే చూసేవాళ్లకి భయం వెయ్యదూ?

మా సైకిల్ గుంపు మహా మర్యాదస్తుల గుంపు. ఒకరినొకరు దాటాలన్నా ముందు మీరు వెళ్లండంటే మీరు వెళ్లండని ఇద్దరూ ఆగిపోయే రకం. నేను పడగానే అందరూ ఎక్కడికక్కడ నడిరోడ్డు మీదే సైకిళ్లు వదిలేసి పరుగెత్తుకొచ్చారు. గాలి ఆడనివ్వండంటూ అందరూ నా మీదకే వంగారు. ఒకాయన సీసాలో నీళ్లు నా నెత్తిన కుమ్మరించి, అందులో ఉప్పూ పంచదారా కలిపిన సంగతి ఆ తర్వాత గుర్తు చేసుకున్నారు. ఇంకొకాయన లేవదీద్దామని సరిగ్గా ఆ దెబ్బతగిలిన చెయ్యే పట్టుకుని లాగారు. బ్యాంకు మేనేజరు గారు నా సైకిల్ లేపి, గేర్లన్నీ తిప్పి చూసి, దీనికేం కాలేదండీ అని నాకు ధైర్యం చెప్పారు.

అందరికన్నా వెనక వస్తున్న మా స్కూలు ఆటల టీచరు, పీఈటీ మేడమ్, దిగీ దిగగానే అందరి మీదా ఒక్క కేక వేశారు. ఒకరు మలుపు దగ్గర నిలబడి బళ్లు ఆపాలి, మిగిలినవాళ్లు సైకిళ్లు గట్టు మీదకి చేర్చాలి, నన్నెవరూ ముట్టుకోకూడదు. బడిపిల్లల్లా చెప్పినట్టు విన్నారు. ఆవిడ నా మెడ చూశారు, వేళ్లు కదిపించారు, తల అదిరిందేమోనని పొద్దున ఎన్ని ఇడ్లీలు తిన్నారని అడిగారు. మూడన్నాను. ఆవిడ మొహం పాలిపోయింది, పక్కనే కూర్చుని తిన్న మనిషికి నాలుగని తెలుసు. నా తల బాగానే ఉందనీ, ఇడ్లీల దగ్గర నేనెప్పుడూ ఒకటి తగ్గించే చెబుతాననీ ఒప్పించేసరికి మళ్లీ నవ్వు.

ఆ నవ్వులోనే మా ఆయన గుర్తొచ్చారు. సైకిల్ కొన్న రోజే ఆయన షరతు పెట్టారు. ఒక్కసారి పడినా సైకిల్ అటకెక్కుతుంది. ఆ సైకిల్ పోతే నా ఆదివారాలు మళ్లీ పప్పు రుబ్బడానికీ ఇస్త్రీకీ అంకితం. గోదావరి మీద పొద్దు పొడవడం చూసే నాలుగు గంటల రాజ్యం పోతుంది. ఇంట్లో పంక్చర్ అని చెబుదామండీ అని అందర్నీ బతిమాలాను. సరేనన్నారు. మా గుంపు పెద్ద, రిటైరైన ఇరిగేషన్ ఇంజనీరు గారైతే గుండెమీద చెయ్యి వేసుకుని మరీ మాటిచ్చారు.

పీఈటీ మేడమ్ నన్ను ఆటోలో ఇంటికి చేర్చారు. మోచెయ్యి చున్నీ కింద దాచుకుని పంక్చర్ కథ చెప్పాను. మా ఆయన నమ్మి, కాఫీ పెట్టడానికి లేచారు కూడా. అప్పుడు గేటు చప్పుడైంది. చూస్తే గుంపు గుంపంతా వాకిట్లో ఉంది. ఇంజనీరు గారి చేతిలో సంచీడు బత్తాయిలు, మేనేజరు గారి చేతిలో కొబ్బరిబొండాలు.

పడ్డ మనిషిని పలకరించడానికి చేతులూపుకుంటూ రావడం వాళ్ల ఇంటా వంటా లేదు, ఏం చేస్తారు పాపం.

మా ఆయన సంచి కేసి చూశారు. “పంక్చర్‌కి బత్తాయిలు తెచ్చారాండి?”

“ఆఁ, అవునండి,” అన్నారు ఇంజనీరు గారు.

ఇక దాచేదేముంది. కూర్చోబెట్టి కాఫీలిస్తే అందరూ పోటీలు పడి చెప్పారు. ఇంజనీరు గారు కాఫీ ట్రేని రోడ్డు చేసి, పంచదార పోసి ధాన్యం చేసి, ఒక బత్తాయిని నన్ను చేసి దొర్లించి చూపించారు. అది మేనేజరు గారి ఒళ్లో పడింది. నాకు కాఫీ ముక్కులోకి వచ్చింది. అందరం పొట్టలు పట్టుకున్నాం, మా ఆయన తప్ప.

వాళ్లు వెళ్లాక ఆయన దూదితో నా మోచెయ్యి తుడుస్తూ కూర్చున్నారు. నేను సైకిల్ కోసం వకాల్తా మొదలుపెట్టాను. ఆయన తలెత్తలేదు.

“రోడ్డు మీద అంతమంది ఉన్నారు. ఒక్కళ్లైనా నాకు ఫోన్ చెయ్యలేదు. నువ్వూ చెయ్యలేదు. నీకు దెబ్బ తగిలిందని నాకు బత్తాయిలు చెప్పాయి.”

సైకిల్ పోతుందనే భయపడ్డాను గానీ, ఈయన దేనికి భయపడి ఆ షరతు పెట్టారో ఇన్నాళ్లూ నేను అడగనే లేదు.

“చెయ్యి తగ్గాక తొక్కుకో. పడితే మాత్రం మొదటి ఫోన్ నాకు,” అన్నారు.

సరేనండి అన్నాను. రోడ్డు మీద రాని ఏడుపు అప్పుడొచ్చింది.