అత్తయ్య ఫోన్, నా రౌటర్

మా అత్తయ్యకు సెల్‌ఫోన్ వాడటం రాక కాదు, దానితో ఆవిడకు పడేది కాదు. రాజమండ్రిలో బడిలో సంగీతం టీచరుగా చేసి, రిటైరయ్యాక లింగంపల్లిలో మా ఇంటికి వచ్చేశారు. వచ్చిన కొన్నాళ్లకే ఫోన్‌లో పాఠాలు మొదలుపెట్టారు. సెల్‌ఫోన్‌లో చెబితే ఆవిడ గొంతు వెళ్లేది కానీ వెనక కరెంటు పెట్టెలో మోగే తంబూరా శ్రుతి వెళ్లేది కాదు. ఆగకుండా ఒకేలా వచ్చే ఆ నాదాన్ని సెల్‌ఫోన్ ఏ ఫ్యాను హోరో అనుకుని తుడిచేసేది.

"శ్రుతి వినపడకుండా పాటేం చెప్పను?" అని ఆవిడ సెల్‌ఫోన్ కట్టిపెట్టి హాల్లో ఉన్న ఇంటర్నెట్ ఫోన్ పట్టుకున్నారు, శిష్యులకూ ఆ నంబరే ఇచ్చారు. బ్రాడ్‌బ్యాండ్‌తో పాటు వచ్చిన కనెక్షన్ అది. గోడకు బిగించిన మోడెంలో వైరు గుచ్చితే మామూలు ల్యాండ్‌లైన్‌లాగే పనిచేస్తుంది. దాంట్లో తంబూరా చక్కగా వెళ్లేది.

నా సమస్య వేరు. నేను హైటెక్ సిటీలో నెట్‌వర్క్ పరికరాలను పరీక్షించే ఉద్యోగం చేస్తాను. వారంలో కొన్ని రోజులు ఇంటి నుంచే పని. హాల్లో ఉన్న మోడెం సిగ్నల్ నేను కూర్చునే వెనక గదికి వచ్చేసరికి నీరసపడిపోయేది. మీటింగ్‌లో నేను నోరు తెరిచిన ప్రతిసారీ బొమ్మలా బిగుసుకుపోయానని అవతలివాళ్లు నవ్వేవాళ్లు. పగలంతా రౌటర్ల పనే చేసేదాన్ని, సొంతింట్లో ఈ అవస్థేమిటని ఒక మంచి రౌటర్ కొని తెచ్చాను. దాన్ని నడవాలో పెడితే రెండు వైపులకూ సిగ్నల్ అందుతుంది. ఇంటర్నెట్ కంపెనీ కస్టమర్ కేర్‌కు ఫోన్ చేశాను.

"సొంత రౌటర్‌కి మేం సపోర్ట్ ఇవ్వమండి," అన్నాడు అతను.

"సపోర్ట్ అక్కర్లేదండి. మోడెంని బ్రిడ్జ్‌లో పెట్టండి, మిగతాది నేను చూసుకుంటాను."

బ్రిడ్జ్‌లో పెడితే మోడెం బయటి లైనును ఉన్నదున్నట్టు లోపలికి వదిలేస్తుంది, అసలు పనంతా మన రౌటర్ చేస్తుంది. అతను పెట్టాడు. వెనక గదిలో నెట్ ఎంత బాగా వచ్చిందంటే, ఆ రోజు మీటింగ్‌లో నా మొహం అంత స్పష్టంగా మొదటిసారి చూశామన్నారు.

తర్వాత రోజుల్లో అత్తయ్య తంబూరా పెట్టె పక్కన పెట్టుకుని కూర్చోవడం, కాసేపటికి దాన్ని ఆపేసి లోపలికి వెళ్లిపోవడం చూశాను. అడిగితే, "ఎవరూ చేయడం లేదమ్మా. మానేశారేమో," అన్నారు. ఏవో పండగ పనుల్లో ఉండి ఉంటారన్నాను.

ఒక మధ్యాహ్నం తలుపు గంట మోగింది. తీస్తే నా వయసు మనిషే, భుజానికి బ్యాగు, నుదుటి మీద చెమట.

"పాట చెప్పే అమ్మ ఇల్లు గిదేనా?" అంది.

నేను జవాబు చెప్పేలోపే లోపలి గదిలోంచి అత్తయ్య గొంతు. "జీడిమెట్ల అమ్మాయివా?"

ఆమె అక్కడ మందుల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పని చేస్తుందని, షిఫ్ట్ అయ్యాక పాఠం నేర్చుకుంటుందని అత్తయ్య చెబుతుంటే విన్నాను. వాళ్లిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోవడం అదే మొదటిసారి. అత్తయ్య బయటికి వచ్చేసరికి ఆమె వంగి కాళ్లకు దండం పెట్టింది.

"ఎన్నిసార్లు చేసినా ఫోన్ కలుస్తలేదమ్మా. మీ పానం బాగలేదా ఏందని పరేషాన్ అయిన. మీరు స్టేషన్ ఎనక ఉంటరని ఓసారి చెప్పిన్రు గద, ఇయ్యాల సెలవుంటే అడుక్కుంట వచ్చిన."

"నాకేమైందమ్మా, బాగానే ఉన్నాను. మీరే నన్ను వదిలేశారనుకున్నాను," అన్నారు అత్తయ్య. ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి.

నేను వెళ్లి ఫోన్ ఎత్తాను. ఏ శబ్దమూ లేదు. సంగతి వెంటనే అర్థమైంది. ఫోన్ నంబరు నడిచేది మోడెంలోనే. దాన్ని నేను బ్రిడ్జ్‌గా మార్పించడంతో దానికి సొంతంగా నెట్ లేకుండా పోయింది, ఫోన్ మూగబోయింది. నా రౌటర్‌కేమో ఫోన్ పెట్టుకునే చోటే లేదు.

"అత్తయ్యా, ఇప్పుడే మోగిస్తాను చూడండి."

"మోగిద్దువుగానిలే. ముందు ఆ అమ్మాయికి మంచినీళ్లివ్వు."

నీళ్లిచ్చి కస్టమర్ కేర్‌కు చేసి, మోడెంని మళ్లీ పాత పద్ధతికి మార్పించాను. ఫోన్‌లో డయల్ టోన్ వచ్చింది. ఇప్పుడు రౌటర్ దాని వెనక ఉండాలి. కలిపి చూస్తే నా గదిలో నెట్ పోయింది. రెండు పెట్టెలకూ కంపెనీలు ఒకే అడ్రసు ఇచ్చాయి. ఒకే వీధిలో రెండిళ్లకు ఒకే నంబరుంటే ఉత్తరం ఎక్కడికి చేరుతుంది? నా రౌటర్‌కు వేరే అడ్రసు ఇవ్వడానికి ల్యాప్‌టాప్‌తో నడవాలో చతికిలబడ్డాను.

హాల్లో పాఠం మొదలైంది. ఆమె పాడుతుంటే అత్తయ్య మధ్యలో ఆపారు.

"పై షడ్జం దగ్గర గడ్డం అలా ఎత్తేస్తున్నావేంటి?"

"ఏమోనమ్మా, ఎప్పుడూ గిట్లనే పాడుత. ఫోన్ల మీకు కనవడది గద!"

"నీ గొంతే అంత పైకి వెళ్లదేమోననుకున్నాను ఇన్నాళ్లూ!" అత్తయ్య నవ్వుతూ ఆమె గడ్డం కింద రెండు వేళ్లు పెట్టి మెల్లగా దించారు. "ఇప్పుడు పాడు."

ఆ స్వరం ఏ ఒత్తిడీ లేకుండా వచ్చి గదంతా నిండింది. నేను కీబోర్డు మీద చేతులు ఆపి విన్నాను. ఆమె కూడా తన గొంతు తనదేనా అన్నట్టు ఆగిపోయింది.

అడ్రసు మార్చి, రెండూ పోటీపడకుండా మోడెం వైఫై ఆపేశాను. నెట్ వచ్చింది. ఒక పెట్టె వెనక ఇంకో పెట్టె పెడితే ఆఫీసు నెట్‌వర్క్‌కు కలవదని మా టీమ్‌లో ఒకాయన అంటుండేవాడు. నాకా భయం లేదు. కలిపి చూశాను, ఏ అడ్డూ లేకుండా కలిసింది.

"ఇక మీరు బాల్కనీలోకి వెళ్లి ఫోన్ చేయండి," అన్నాను జీడిమెట్ల ఆమెతో.

హాల్లో ఫోన్ మోగింది. అత్తయ్య ఎత్తి, పక్కన తంబూరా పెట్టె వేసి, ఎప్పటిలాగే గంభీరంగా అడిగారు. "శ్రుతి వినిపిస్తోందా?"

"మంచిగ ఇనవడుతుందమ్మా!" ఆ మాట బాల్కనీలోంచీ, ఫోన్‌లోంచీ ఒకేసారి వచ్చింది. ముగ్గురం నవ్వుకున్నాం.

సాయంత్రం దాకా ఉండి, ఉప్మా తిని వెళ్లింది. అప్పటి నుంచి సెలవు రోజుల్లో ఇంటికే వస్తుంది. మిగతా రోజుల్లో ఫోన్‌లోనే. అత్తయ్య మిగిలిన శిష్యులందరికీ తనే ఫోన్లు చేసి మళ్లీ కూడగట్టారు.

ఏ పెట్టె ఎందుకో అత్తయ్యకు ఒకసారి చెప్పాను. మొన్న నేను ఆఫీసులో ఉండగా ఆ ఫోన్ నుంచే కాల్ వచ్చింది.

"కరెంటు పోయి వచ్చింది. ముందు మోడెం వేసి, ఫోన్ దీపం వెలిగాక నీ రౌటర్ వేశాను. అంతా బాగానే ఉంది. నువ్వు నీ పని చూసుకో, నాకు పాఠానికి టైమైంది," అని నేను మాట్లాడేలోపే పెట్టేశారు.