ఆగిపోయిన ఆపరేషన్

ఆపరేషన్ రోజున స్వరూపరాణి పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలేదు.

దిల్‌సుఖ్‌నగర్‌లో జాకెట్లు కుట్టే ఆమెను కొన్ని నెలలుగా తెల్లబట్ట, దురద, దుర్వాసన పీడిస్తున్నాయి. రోజంతా మిషన్ తొక్కి వేడి చేసిందనుకుని సబ్జా నీళ్ళు తాగింది. ఒంటికి మైల అంటిందని దేవుడి ముందు దీపం పెట్టడం మానేసింది. చివరికి, బస్తీలో సూదులిచ్చే ఆయన "గర్భసంచి పుండైంది. ఒక బిడ్డ ఉన్నది గద, తీయించెయ్" అని ఓ నర్సింగ్‌హోమ్‌కు పంపాడు. ఇంకో బిడ్డ కావాలన్న ఆశను ఆమె లోపలే దాచుకుంది.

భర్త యోగేందర్ తన ఆటోలో ఎక్కించుకుని బయలుదేరాడు. ఎల్బీనగర్ చౌరస్తాకు వచ్చేసరికి నడిరోడ్డు మీద పొయ్యిలు, పెద్ద గంజులు, డప్పులు. ప్రత్యేక తెలంగాణ కోసం వంటావార్పు నిరసన. ఆటో కదలదు.

"కూసో బిడ్డా" అంటూ వడ్డించే అరుణమ్మ విస్తరేసింది. స్వరూప ముట్టలేదు.

"ఏంది, తెలంగాణ ఒచ్చేదాక ఉపాసమా?"

"ఆపరేషనున్నది పెద్దమ్మా. తినొద్దన్నరు."

పక్క విస్తరి ముందు కూర్చున్నావిడ తల తిప్పింది. కృష్ణకుమారి, సర్కారు దవాఖాన డాక్టరమ్మ. బస్సుల్లేక నడిచి పోతుంటే అరుణమ్మే చెయ్యి పట్టి కూర్చోబెట్టింది. మాట గుంటూరు యాస అని తెలిశాక పప్పు ఇంకో గరిటె ఎక్కువే వేసింది.

"ఆపరేషన్ దేనికమ్మా?"

స్వరూప ఆమె చెవిలో చెప్పింది.

"పరీక్షలు చేశారా?"

"ఏం చెయ్యలే."

"పరీక్ష లేకుండా సంచి తీసేస్తారా! ముందు అన్నం తినండి. తిని నాతో రండి."

దవాఖానలో పరీక్ష చేసి చెప్పింది. "ఇది వేడి కాదమ్మా, కంటికి కనబడని క్రిమి. కలయికలో ఒకరి నుంచి ఒకరికి అంటుతుంది. మాత్రలతో పోతుంది. మీ గర్భసంచికేం కాలేదు."

"దేవునికి దీపం పెట్టొచ్చా అమ్మా?"

"జ్వరమొస్తే మానేస్తారా? ఇదీ అంతే."

బయట యోగేందర్ మొండికేశాడు. "నాకేం లేదు గద, నాకెందుకు గోళీలు?"

"మగాళ్ళలో చాలామందికి పైకేమీ తెలీదు నాయనా. ఎప్పుడు, ఎవరి నుంచి వచ్చిందో చెప్పలేం, తవ్వుకోకండి. ఇద్దరూ వేసుకోకపోతే మళ్ళీ అంటుకుంటుంది. తగ్గేదాకా దూరంగా ఉండండి. మాత్రలు వాడినన్నాళ్ళూ కల్లు కూడా బంద్."

"కల్లు కూడనా?" అని గొణిగి అతను భార్య వైపు చూశాడు. ఎవరి నుంచి వచ్చిందని ఆమె అడగలేదు. అలా అడగకపోవడమే అతనికి తగిలింది. నల్లా నీళ్ళు దోసిట పట్టుకొచ్చాడు.

"నీ కడుపు కోపిచ్చనీకి ఆటో నేనే తోలిన. గీ గోళీ మింగలేనా?"

మందులయ్యాక మళ్ళీ వెళ్ళారు. దురద, వాసన పోయాయి. ఇలాగే అంటుకునే వేరే జబ్బుల కోసం చేసిన ఇద్దరి రక్తపరీక్షలూ బాగానే వచ్చాయి. "ఇంకో బిడ్డ కావాలంటే నిశ్చింతగా కనండి" అంది డాక్టరమ్మ.

స్వరూప కళ్ళు తుడుచుకుంటూ బయటికి రాగానే యోగేందర్ పరేషాన్ అయ్యాడు. "ఏమైందే? జర చెప్పు!"

"ఏం గాలే. అంతా మంచిగున్నది" అని అతని భుజం పట్టుకుని నవ్వింది.