సగం దిగిన ఫోటో

మొన్న దవాఖానలో వరుసలో కూర్చున్నప్పుడు, పక్కనున్న అమ్మాయి తన ఫోనులో ఫోటో తెరుచుకోవడం కాస్త ఆలస్యమైందని విసుక్కుంటుంటే నాకు ఒకప్పుడు సగం దిగి ఆగిన ఫోటో గుర్తొచ్చింది. మన ఈడువాళ్ళకైతే తెలుస్తుంది గానీ చిన్నవాళ్ళకు చెబితే నవ్వుతారు.

తొంభైల చివరి మాట. మాది పానగల్. తమ్ముడు గల్ఫులో కడుతున్న భవనం మీదనుంచి పడ్డాడన్న కబురొక్కటే అందింది, బతికాడో లేదో చెప్పే దిక్కు లేదు. నల్లగొండలో ఒక భాయ్ నడిపే నెట్ సెంటరుకు తోటి కూలీ ఒకాయన తెలుగు ఉత్తరం జతచేసి ఈమెయిలు పంపాడని తెలిసి, అక్కడికి పరుగెత్తాను. నలభై దాటాక అక్షరాలు నేర్చినదాన్ని, ఎవరితోనూ చదివించుకోనని మొండిగా తెర ముందు కూర్చుంటే, కొక్కిరిబిక్కిరి గీతలు తప్ప ఒక్క అక్షరమూ ఆనవాలు పట్టలేకపోయాను. నేర్చిన చదువు భయానికి పారిపోయిందనుకున్నాను.

“నువ్వేం మర్చిపోలే అక్కా, వాళ్ళు టైపు కొట్టిన తెలుగు ఫాంటు మన కంప్యూటర్ల లేదు, గంతే” అన్నాడు భాయ్. అయితే ఉత్తరమే వద్దు, మాటలు అబద్ధమాడతాయి, మనిషి ఫోటో పంపమని రాయించాను.

వచ్చింది. ఆ రోజుల్లో ఫోటో ఒక్కసారిగా తెరుచుకునేది కాదు, పైనుంచి గీత గీతగా, బావిలోకి చేద దిగినట్టు దిగేది. ముందు గోడ, తర్వాత జుట్టు, నుదురు, తెరిచి ఉన్న కళ్ళు. బతికే ఉన్నాడు! నడుము దాకా వచ్చి ఆగిపోయింది. నెట్టుకూ ఇంటి ఫోనుకూ ఒకటే తీగ, లోపల భాయ్ ఇంటామె ఫోనెత్తిందట, లైను తెగింది.

“ముందు ఇంట్ల ఫోనుకు తాళమెయ్యి భాయ్, తర్వాత సెంటరు నడుపుదువు” అని వెనక కూర్చున్న పెద్దాయన దెప్పాడు.

మళ్ళీ గోడ నుంచి మొదలు. వంతు కోసం కూర్చున్నవాళ్ళంతా లేచి నా వెనక నిలబడ్డారు. కుడికాలు వేళ్ళదాకా దిగింది. ఎడమవైపు మోకాలి దగ్గర కట్టు, దాని కింద ఉత్త పరుపు.

“ఇంకో కాలు రాలే గదా భాయ్, జర ఆగుదాం” అన్నాను.

ఆయన తెర మీద ఫోటో అడుగు అంచున వేలు పెట్టాడు. “మొత్తమొచ్చిందక్కా.”

ముక్కూ మొహం తెలియని ఒకామె నా భుజాలు పట్టుకుంది. పొద్దుపోతాందని ఎవరూ అనలేదు.

ఇప్పుడు ఎంత ఘోరమైనా క్షణంలో, నిండుగా, ఎవరి అరచేతిలో వాళ్ళకు వచ్చి పడుతుంది. వేగం మంచిదే, కాదనను. కానీ ఆ చివరి గీతలు దిగేటప్పుడు నాతోపాటు ఊపిరి బిగపట్టిన ఆ పరాయివాళ్ళకు ఇప్పుడు మన వెనక నిలబడేందుకు జాగా ఏదీ?