బావ రాగి చేనును పొగిడాను

ఎదుటివారిలో మంచిని చూసి, దాన్ని పైకి చెప్పి, కోతకొచ్చిన పంటను నేలపాలు చేసిన మూర్ఖుణ్ణి నేను. మీరు నవ్వుకోవచ్చు. ఆ రోజు ఆ ఊళ్లో మాత్రం ఎవరూ నవ్వలేదు.

మదనపల్లెలో ఇల్లు కట్టుకుని, గృహప్రవేశానికి అక్కాబావల్ని ఫోన్లో పిలిచాను. రామకుప్పం దగ్గర సేద్యం చేసే మా బావ మునెప్పకు అది చెప్పుతో కొట్టినట్టయింది. నాతో మాటలు మానేశాడు. అక్కను మా గడప తొక్కనివ్వలేదు. అక్క ఫోన్లో ఏడ్చేది. ఇంతలో మా ఆఫీసుకొచ్చిన ఒక పెద్దమనిషి ఉపన్యాసమిచ్చాడు: "మీకు పడనివారిలో మంచిని వెతకండి, నోరారా చెప్పండి." ఆ మందును మోతాదు అడక్కుండానే తాగేశాను.

బావ దగ్గరికి బయల్దేరి, పుంగనూరులో బస్సెక్కిన ఒక అవ్వ మీద సాధన చేశాను.

"అవ్వా, నీ మనవడు భలే బొద్దుగా ఉండాడే."

అవ్వ బిడ్డను కొంగుకింద దాచి, థూ థూ అని ఉమ్మి, వేరే సీటుకు వెళ్లిపోయింది. బుద్ధి ఉన్నవాడైతే అక్కడే దిగిపోయేవాడు. నేను కుప్పం దాకా టికెట్ తీసుకున్నాను గదా.

బావ చేను గట్టున ఉన్నాడు. పక్క చేలవాళ్లంతా వింటుండగా మొదలుపెట్టాను.

"ఏం పంట బావా. ఇట్లాంటి రాగి కంకులు యాడా సూడలేదు."

బావ ముఖం మాడిపోయింది. "సాలు లేప్పా," అన్నాడు.

ఇన్నాళ్లకు మాట్లాడాడు! నా గొంతు ఇంకా లేచింది. "ఒక్క కర్రన్నా వంగలేదే. నీ చేతిలో ఏం మహిమ ఉండాది బావా?"

అక్క పరుగున వచ్చి నా చెయ్యి గిల్లింది. "నోరు ముయ్‌రా. దిష్టి తగల్తాది."

తెల్లారేసరికి అడవిలోంచి ఏనుగులు వచ్చి పోయాయి. అక్కావాళ్ల ఏడాది తిండి చాపలా నేలకు అంటుకుపోయి ఉంది. పక్క చేలను తాకనైనా తాకలేదు. వాటిని నేను పొగడలేదు మరి.

"ఏనుగులకి దారి సెప్పినోడు ఈయప్పే," అన్నాడు పక్క చేను ఆయన. "నాయనా, మా చేను దిక్కు సూడొద్దు. సూసినా, బాగలేదని సెప్పు."

బావ గట్టు మీద కూర్చుని, ఏనుగులు తొక్కిన కంకిని అరచేతిలో నలుపుతున్నాడు. కళ్లెత్తలేదు. ఎలా ఓదార్చాలో తెలియక, నా నోటికి మళ్లీ ఆ ఉపన్యాసమే వచ్చింది.

"బావా, నీ ఓర్పు..."

"దాన్నొదిలెయ్యప్పా," అన్నాడు. "ఇంక మిగిలిండేది అదొక్కటే."

నోరు మూసుకుని, ప్యాంటు మడిచి, బురదలో కంకులు ఏరడం మొదలుపెట్టాను. సెలవు పొడిగించి, దక్కినంత రాగి ఇల్లు చేరేదాకా అక్కడే ఉన్నాను. బస్సెక్కించేటప్పుడు బావ అన్నాడు: "నోరు ఇప్పకుంటే నువ్వు మంచోడివే బామ్మర్దీ. మీ అక్కను నేనే పిల్సుకొస్తాలే."

అన్నట్టే వచ్చాడు. మెట్లు ఎత్తన్నాడు, వంటిల్లు ఇరుకన్నాడు, కిటికీ పెట్టినోడికి కండ్లు లేవన్నాడు. ఎవరిలో ఎంత మంచి కనబడినా కడుపులోనే దాచుకుంటానని, పోయిన ఆ రాగి సాక్షిగా అప్పటికే ఒట్టేసుకున్నాను. ఈ జన్మలో ఆ ఒట్టు తప్పను. ఆ సాయంత్రం ఒక్కసారి మాత్రం కాస్త పక్కన పెట్టి, బావను తేరిపార చూశాను.

"ఈ వయసులో గూడా నీ జుట్టు ఎంత ఒత్తుగా ఉండాది బావా."

బావ గబుక్కున తలకు తువ్వాలు చుట్టుకున్నాడు. కుప్పంలో బస్సు దిగినా తియ్యలేదని అక్క ఫోన్లో నవ్వుతూ చెప్పింది.