మట్టి మేడం పద్ధతి

“ఈ మందు కూడా పనిచెయ్యకపోతే?”

మా పాపకు తుమ్మొచ్చినా నాకు మొదట వచ్చే ఆలోచన ఇదే. సూక్ష్మజీవశాస్త్రం చదివినవాడు తండ్రి కాకూడదు. మందులకు లొంగని బాక్టీరియాల పేర్లు మిగతా నాన్నలకు తెలియవు, హాయిగా నిద్రపోతారు. నాకు వరసగా కంఠతా వచ్చు.

మా ల్యాబు పెద్దావిడకు అలాంటి భయాలేవీ లేవు. ఉన్నదల్లా ఒకటే జబ్బు, మట్టి కనిపిస్తే ఆగలేరు. మట్టిలో బాక్టీరియాలు ఒకదాన్నొకటి చంపుకోవడానికి విషాలు తయారుచేసుకుంటాయి. వాటిలోంచే కొత్త యాంటీబయాటిక్ దొరకాలి. ఇంతవరకూ శాస్త్రమే. కానీ ఆవిడ చేతిసంచిలో దువ్వెన ఉండదు, చెంచా ఉంటుంది. పెళ్ళికి పిలిస్తే వధూవరులకంటే ముందు పూలకుండీలను పలకరిస్తారు. అందుకే ఆవిడ మట్టి మేడం.

తెచ్చిన మట్టిలోని బాక్టీరియాను రోగకారక బాక్టీరియా పొరమీద పెంచి, చుట్టూ ఆ రోగక్రిములు చచ్చి ఖాళీ వలయం ఏర్పడిందేమో చూస్తాం. ఏర్పడదు. మళ్ళీ మట్టి తెస్తాం. మా ఉద్యోగం ఇదే.

ఒకసారి మా పని తనిఖీ చెయ్యడానికి నిధులిచ్చే కమిటీ వచ్చింది. అధ్యక్షులవారు గుమ్మంలో అడుగుపెట్టగానే మేడం ఆయన కాళ్ళదగ్గర కూలబడ్డారు.

“అయ్యయ్యో, లేసు నేను కట్టుకుంటానమ్మా!”

“కదలకండి సార్, మడమ దగ్గర మంచి బంకమట్టి ఉంది.”

ఆయన ఒంటికాలిమీద నిలబడే తనిఖీ మొదలుపెట్టారు.

“పదిహేనేళ్ళలో ఏం కనిపెట్టారు?”

“ఏవి పనికిరావో కనిపెట్టాం సార్. నాలుగువేల రెండువందల పదహారు.”

“ఫారంలో, మందు దొరకబోయే తేదీ అన్నచోట ‘మంగళవారం’ అని రాశారేమిటి?”

“ఖాళీ వదిలితే వెనక్కి పంపిస్తున్నారు కదండీ.”

ఆయనకు తుమ్మొచ్చింది. జేబులోంచి యాంటీబయాటిక్ బిళ్ళ తీసి మింగారు. “జలుబు. రెండేస్తే తగ్గిపోతుంది. మిగతావి మళ్ళీసారికి.”

“జలుబుకి అది పనిచెయ్యదు సార్,” అన్నారు మేడం, రెండో బూటు గోకుతూ. “కానీ మందులకు లొంగని బాక్టీరియాను ఇలా పెంచే మీలాంటివాళ్ళు ఉన్నంతకాలం మా ఉద్యోగాలకి ఢోకా లేదు.”

ఆ ఏడాది మాకు కొత్త ఫ్రిజ్ రాలేదు.

తర్వాత కొన్నాళ్ళకు మా పాపకు జ్వరం వచ్చింది. పద్నాలుగు నెలల పిల్ల. మూత్రంలో ఇన్‌ఫెక్షన్. మొదటి మందుకు లొంగలేదు. ఆసుపత్రిలో చేర్చుకుని రెండోది ఎక్కిస్తూ, రెండు రోజులు చూద్దామన్నారు. నేను రెండు రోజులు ఆగే మనిషినా? ఐదు నిమిషాలకోసారి థర్మామీటరు పెట్టాను. నర్సు దాన్ని లాక్కుపోయింది. మా ఆవిడ, “ఇంకోసారి దాని నుదురు ముట్టుకున్నావంటే నిన్ను కూడా చేర్పిస్తా” అంది.

అప్పుడొచ్చారు మట్టి మేడం. చేతిలో పళ్ళు లేవు, గాజు గొట్టం ఉంది.

“మీ ఇంటి మట్టి కావాలయ్యా.”

“మాది మూడో అంతస్తు మేడం!”

“కుండీ లేదూ?”

నాకు ఒళ్ళు మండింది. “మట్టిలోంచి మందు రావాలంటే పదేళ్ళు పడుతుంది. మీకు తెలీదా?”

“అందుకే తొందరగా బయల్దేరు. పద్ధతి ఈ కాగితంలో ఉంది. ఒక్క మెట్టు తప్పినా నమూనా పాడైపోతుంది. పిల్ల దగ్గర నేనుంటా.”

కాగితంలో ఇలా ఉంది: ముందు స్నానం. తర్వాత కడుపునిండా భోజనం. చేతులు పూర్తిగా ఆరేదాకా గంటన్నర కదలకుండా పడుకోవాలి. అప్పుడు రెండు చెంచాల మట్టి.

ల్యాబులో పనిచేసేవాడికి పద్ధతి కాగితం ఇస్తే ప్రశ్నించడు. తూచా తప్పకుండా చేశాను. తిరిగొచ్చేసరికి మా ఆవిడ పక్క మంచంమీద గుర్రుపెట్టి నిద్రపోతోంది. మేడం పాపను ఒళ్ళో వేసుకుని దాని బుల్లి చెప్పుల అడుగు గోకుతున్నారు.

మర్నాటి సాయంత్రానికి జ్వరం దిగింది. రెండో మందే దించింది, మా కుండీ కాదు.

ల్యాబుకు తిరిగి వెళ్ళాక చూశాను. ఒక అరనిండా, నాలాగే ఆసుపత్రిలో పిల్లలకు కాపలా ఉన్న వేరే అమ్మానాన్నలు తెచ్చిన గొట్టాలు. ప్రతిదానికీ చుట్టిన అదే కాగితం.

“చేతులు ఆరడానికి గంటన్నర నిద్ర ఏ శాస్త్రంలో ఉంది మేడం?”

“నిద్ర పట్టిందా లేదా?”

“పట్టింది.”

“మరి పద్ధతి పనిచేసినట్టేగా! అన్నట్టు మీ కుండీలో ఏమీ దొరకలేదయ్యా. కాస్త నీళ్ళు పొయ్యండి.” వెళ్ళబోతూ ఆగారు. “ఇదిగో, మందు మాత్రం డాక్టరు చెప్పినన్ని రోజులూ వెయ్యి, తగ్గింది కదా అని ఆపకు. భయానికి ఆ నియమం లేదు. మధ్యలో మానెయ్యొచ్చు.”

రెండూ పాటిస్తున్నాను. మొదటిది కచ్చితంగా, రెండోది చేతనైనంత.