ఊ వినపడని ఫోను

పుస్తకం రాసినప్పుడు చదివేవాళ్ల మొహం నాకు కనపడదు. బ్లాగులో రాస్తే సాయంత్రానికి నలుగురైనా పలుకుతారు. సినిమా కథ అలా కాదు. ముందు దాన్ని నోటితో చెప్పి ఒప్పించాలి. మావాళ్లు దాన్నే నేరేషన్ అంటారు. ఎంత బాగా రాసినా, కాగితాలు పంపితే చదివేవాళ్లుండరు. రచయిత చెబుతాడు, దర్శకుడు ఊ కొడుతూ వింటాడు. ఆ ఊ ఎక్కడ బరువెక్కిందో, ఎక్కడ పలచబడిందో గమనించుకుంటూ నేను కథ నడుపుతాను.

అమెరికాలోని నోవైలో ఉంటూ హైదరాబాద్ సినిమాలకు రాసేవాణ్ణి కాబట్టి నాకు ఫోనే దిక్కు. ఇక్కడ పొద్దున, అక్కడ సాయంత్రం. ఫోనే కదా అని లుంగీతో కూర్చోను. ఇస్త్రీ చొక్కా వేసుకుని, డైనింగ్ టేబుల్ దగ్గర, కుర్చీకి వీపు ఆనించకుండా కూర్చుంటాను. మా తాతగారు కథ చెప్పేటప్పుడు అలాగే కూర్చునేవారు. రెండు రైసు మిల్లులు, లంక పొలాలు, మేడ, అన్నీ నాకు ఊహ తెలిసేలోపే పోయాయి. నా దాకా వచ్చినవి ఆ కూర్చునే తీరు, ఆయన మధ్యలో వదిలేసిన కథలు.

వదిలేయడానికి కారణం ఒక్కటే. వినేవాళ్లు ఊ కొట్టడం ఆపితే ఆయన లేచి, కండువా దులుపుకుని వెళ్లిపోయేవారు. ఆ కథ మళ్లీ ఎత్తేవారు కాదు. అంతా పోయాక ఆయన పట్టుబట్టి నిలుపుకున్న మర్యాద అదేనని పెద్దయ్యాక నాకు అర్థమైంది. ఒక మధ్యాహ్నం భోజనాలయ్యాక పెళ్లి పడవ కథ మొదలుపెట్టారు. కాలవలో పెళ్లివారి పడవ వెళ్తోంది. లాకుల దగ్గర ఆగినప్పుడు పెళ్లికొడుకు ఎవరికీ చెప్పకుండా గట్టు మీదికి దిగాడు. తిరిగి చూసేసరికి పడవ వెళ్లిపోయింది. సరిగ్గా అక్కడ మా బాబాయి కళ్లు మూసుకున్నాడు. తాతగారు లేచారు.

ఆ పెళ్లికొడుకు ఏమయ్యాడో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. ఇన్నేళ్లు మనసులో మోసి, చివరికి నేనే ఒక ముగింపు కట్టి స్క్రిప్టు చేశాను. అంతకుముందు నేను రాసిన రెండు సినిమాలూ ఆడలేదు. ఇది కూడా పోతే ఇక పుస్తకాలు, బ్లాగు చాలని, సినిమాలకు రాయనని నా భార్యతో చెప్పాను. కార్ల కంపెనీలో ఆమె చేసే ఉద్యోగంతోనే మా ఇల్లు నడుస్తుంది. ఆ మాట ఆమె ఎన్నడూ అనదు. అనదు కాబట్టే నేను మరిచిపోను.

ఆ కథ వినిపించే రోజు రోడ్ల మీద మంచు బాగా ఉండడంతో ఆమె కాస్త ఆలస్యంగా బయలుదేరదామని ఇంట్లోనే ఆగింది. నేను కథ చెబుతున్న దర్శకుడు నాకంటే చాలా చిన్నవాడు. మొదట్లో ప్రతి సీనుకీ ఊ అన్నాడు. తర్వాత ఆ ఊ ఆగిపోయింది. అయినా చెప్పుకుంటూ పోయాను. ఇంటర్వెల్ వచ్చింది. పెళ్లికొడుకు గట్టు మీద ఉన్నాడు, పడవ మలుపు తిరిగింది. అక్కడ ఆగాను. ఏ రచయితైనా ఆ చోట ఒక్క మాట కోసం ఆగుతాడు. ఫోనులో ఉలుకూ పలుకూ లేదు. వింటున్నారా అని అడగొచ్చు. మా ఇంట్లో ఆ అలవాటు లేదు. ఫోను పెట్టేశాను.

వంటింట్లోంచి నా భార్య టీ కప్పు పట్టుకుని వచ్చింది.

"తాతగారి ఆస్తి భలే కాపాడారు," అంది. "అతని సంగతి మీ ఇష్టం. నేను ఇందాకట్నుంచీ స్టవ్ దగ్గరే నిలబడిపోయాను. ఆ పెళ్లికొడుకు ఏమయ్యాడో చెప్పండి, నాకు మీటింగ్ ఉంది."

నేను జవాబు చెప్పేలోపు ఫోను మోగింది. దర్శకుడే. నేను దానివైపు చూస్తూ ఉండిపోయాను. ఆమె స్పీకర్ నొక్కింది.

"సార్, కట్ అయిపోయింది," అన్నాడతను. వెనక పెద్ద మోత. "ఇక్కడ జనరేటర్ వేశారు సార్. మీకు డిస్టర్బెన్స్ అని మ్యూట్ చేసుకున్నా. పెళ్లికొడుకుతో పాటు నన్ను కూడా గట్టు మీద వదిలేసి పోతే ఎట్లా సార్?"

ఇక మ్యూట్ చేయవద్దని మాత్రం చెప్పి మళ్లీ మొదలుపెట్టాను. రెండో సగమంతా జనరేటర్ మోతలోనే సాగింది. అతని ఊ సగం వినపడింది, సగం మునిగిపోయింది. నా భార్య బూట్లు వేసుకుని, కారు తాళాలు చేత్తో పట్టుకుని, తలుపు దగ్గర స్టూలు మీద చివరిదాకా కూర్చుంది. ఆ రోజు మీటింగ్‌లో కార్లోంచే జాయిన్ అయింది.

సినిమా తానే తీస్తానన్నాడు దర్శకుడు. నిర్మాత ఇంకా దొరకలేదు. అయినా సినిమాలకు రాయనన్న మాట నేను వెనక్కి తీసుకున్నాను.

ఒకటి మాత్రం మనసులో తిరుగుతూ ఉంటుంది. ఆ మధ్యాహ్నం బాబాయి నిద్రపోయాడనే అందరం అనుకున్నాం. కళ్లు మూసుకుని పడవను చూస్తున్నాడేమో. ఆయన ఇప్పుడు లేడు. ఉన్నన్నాళ్లూ ఎవరూ అడగలేదు.

ఇప్పుడు ఎవరికి కథ చెప్పినా, ఇంటర్వెల్ దగ్గర ఆగి, "ఉన్నారా అండీ?" అని అడుగుతున్నాను. అడిగేటప్పుడు కూడా వీపు కుర్చీకి ఆనించను.