వెలిగారం ముద్ద

మా కెమిస్ట్రీ మేడం పోయారని మంగళవారం పొద్దున్న ఫోనొచ్చింది. ఫోన్ చేసిన తోటి లెక్చరర్ చివర్లో, "పాపమండీ, పెద్ద ల్యాబుల్లో ఉండాల్సిన మనిషి, ఈ నరసాపురంలో ఉండిపోయారు" అంది. నాకు ఒళ్లు మండింది. ఆవిడేమీ ఉండిపోలేదు, ఉంటానని పట్టుబట్టి మరీ ఉన్నారు.

నేను ఆవిడ దగ్గర చదువుకునే రోజుల్లో, మా మొదటి ప్రాక్టికల్‌లో ఆవిడ పిల్లలు కాగితాలంటించే తెల్ల జిగురు తెప్పించారు. అందులో కంసాలి వీధిలో కొన్న వెలిగారం, అదే బోరాక్స్, కరిగించిన నీళ్లు కలిపితే సాగే ముద్దయింది. సగం తీసి చిటికెడు పసుపు కలిపితే వెలిగారానికి ఎర్రబడింది. ఎర్ర ముక్కనీ తెల్ల ముక్కనీ పక్కపక్కన ఆనించి పెట్టమన్నారు. నేను ఊరుకోలేక వేలితో గట్టిగా నొక్కాను.

"ఏంటండీ ఆ తొందర?" అన్నారు. విద్యార్థులమైనా మేమంతా ఆవిడకు 'అండీ'లమే. "మీరు కలపక్కర్లేదు. చెయ్యి తీసేయండి. వాటి పని అవి చూసుకుంటాయి."

క్లాసు అయ్యేసరికి రెండూ ఒకటే ముద్ద. లాగితే సాగింది కానీ అతుకు ఊడలేదు. జిగురులోని పొడుగాటి అణువులను వెలిగారం పట్టుకుంటుంది, వదులుతుంది, మళ్లీ పట్టుకుంటుంది. "ఒక్కో పట్టు ఎంతండీ, ఇట్టే పోతుంది. అలాంటివి లెక్కలేనన్ని ఉన్నాయి కాబట్టే నిలబడింది" అనేవారు.

తర్వాతి ఏడు కెమిస్ట్రీలో ఇద్దరే చేరారు. ల్యాబును సామాన్ల గది చేస్తామన్నారు కాలేజీ వాళ్లు. మేడం తాళంచెవి ఇవ్వలేదు. ఆ ఇద్దరికీ ఒక్క ప్రయోగం తగ్గకుండా చేయించారు. రిటైరైన రోజున, అప్పటికి అదే కాలేజీలో లెక్చరర్‌నైన నా చేతిలో ఆ తాళంచెవి పెట్టారు. వాళ్లమ్మగారు అల్లిన లేసు ముక్క కట్టి ఉంది దానికి. "ఎవరడిగినా ఇవ్వకండి" అన్నారు.

సంతాప సభ అయ్యాక ప్రిన్సిపాల్ గారు నన్ను పక్కకు పిలిచారు.

"ఇప్పుడు మేడం గారు కూడా లేరు కదండీ, ఆ గది..."

"పిల్లలున్నారండీ."

"ఎంతమంది?"

"ముగ్గురు."

ఆయన నవ్వారు. నాకు ఏడుపూ కోపమూ కలిసే వచ్చాయి. "రేపు ప్రాక్టికల్ ఉందండీ. తాళం నా దగ్గరే ఉంటుంది" అని వచ్చేశాను.

మర్నాడు ముక్కలు ఆనించగానే ఒకమ్మాయి వేలు పెట్టబోయింది. "ఏంటండీ ఆ తొందర?" అన్నాను. నలుగురం చేతులు వెనక్కి కట్టుకుని బల్ల చుట్టూ నిలబడ్డాం. కాసేపటికి ఎరుపు మెల్లగా రెండు ముక్కల మధ్య గీత దాటింది.